క్రియను అంటిపెట్టుకున్న చిన్న మాటలు

చాదర్‌ఘాట్ వంతెన దాటి కోఠి వైపు వచ్చే సిటీ బస్సులో కండక్టర్ ‘హోల్డాన్’ అంటే బండి ఆగుతుంది, ‘రైట్ రైట్’ అంటే కదులుతుంది. హోల్డాన్ రెండు ఇంగ్లీషు మాటల కలయిక అన్న ఆలోచన ఎక్కేవారికీ రాదు, దిగేవారికీ రాదు. భువనగిరి నుంచి నగరానికి రోజూ వచ్చిపోయే ఉద్యోగి ‘అప్ అండ్ డౌన్ చేస్తున్నా’ అంటాడు. పిల్లల్ని బడి దగ్గర డ్రాప్ చేస్తాం, సాయంత్రం పికప్ చేసుకుంటాం, ఆస్పత్రికి చెకప్‌కు వెళ్తాం. లేని గొప్పలు ప్రదర్శించేవాణ్ణి ‘బిల్డప్ ఇస్తున్నాడు’ అంటాం. నాలుకకు ఇంతగా అలవాటైన ఈ జాతి మాటలే వాచకంలో ‘పుట్ ఆఫ్’, ‘గివ్ ఇన్’, ‘టర్న్ డౌన్’ అంటూ ఎదురైతే మన విద్యార్థి తడబడతాడు. ఈ తడబాటుకు కారణం పిల్లల్లో లేదు, మనం నేర్పే తీరులో ఉంది.

ఇంగ్లీషులో వీటిని ఫ్రేజల్ వెర్బ్స్ అంటారు. మనం పదబంధ క్రియలు అనుకోవచ్చు. చిన్న క్రియ పక్కన అప్, ఆఫ్, ఇన్, అవుట్ లాంటి ఇంకా చిన్న మాట చేరగానే అర్థం మారిపోతుంది. ‘గివ్’ అంటే ఇవ్వడం. ‘గివ్ అప్’ అంటే మానేయడం, ‘గివ్ ఇన్’ అంటే లొంగిపోవడం, ‘గివ్ అవే’ అంటే పంచిపెట్టడం, ఒక్కోసారి గుట్టు బయటపెట్టడం. విడివిడిగా రెండు మాటలూ తెలిసినా జంట అర్థం తెలియదు. పరాయివారికి తమ భాషలో అన్నిటికన్నా కష్టమైనది ఇదేనని శామ్యూల్ జాన్సన్ 1755లో వెలువడిన తన నిఘంటువు ముందుమాటలోనే ఒప్పుకున్నాడు.

పై అర్థాలను మరోసారి చూడండి. మానేయడం, లొంగిపోవడం, పంచిపెట్టడం, బయటపెట్టడం. తెలుగులోనూ అవన్నీ జంటలే. ‘పెట్టు’ అనే క్రియనే తీసుకుంటే కనిపెట్టాడు, మొదలుపెట్టాడు, వదిలిపెట్టాడు, చెప్పిపెట్టాడు అన్నప్పుడు ఎక్కడా ఎవరూ ఏ వస్తువునూ ఒకచోట పెట్టలేదు. అలసిపోయినవాడు ఎక్కడికీ పోలేదు. బడికి వెళ్ళే ఈడుకే మన పిల్లవాడికి చెప్పు, చెప్పేయ్, చెప్పుకో, చెప్పిచూడు, చెప్పిపెట్టు అన్నవాటి మధ్య తేడా తెలుసు. ఎవరూ పట్టిక ఇచ్చి బట్టీ పట్టించలేదు.

రెండు భాషల మధ్య తేడా అల్లికలోనే ఉంది. తెలుగు వాక్యం క్రియతో ముగుస్తుంది. అందువల్ల క్రియకు కొత్త ఛాయ కావాలంటే దాని వెనక మరో క్రియ చేరుతుంది. ఇంగ్లీషులో క్రియ వాక్యం నడుమ ఉంటుంది, దాని తర్వాత దిక్కును, చోటును చెప్పే మాటకు తావు దొరుకుతుంది. అక్కడ అప్, ఆఫ్ చేసే పనినే ఇక్కడ వేయు, పోవు, కొను, పెట్టు చేస్తున్నాయి. చాదర్‌ఘాట్ పిల్లలకు ఈ విద్య రెండు భాషల్లో వచ్చు. ఇరుగుపొరుగు మాట్లాడే ఉర్దూలోనూ ‘గిర్ జానా’ అంటే పడిపోవడం, ‘దేఖ్ లేనా’ అంటే చూసుకోవడం. జానా అంటే పోవడం, లేనా అంటే తీసుకోవడం. తెలుగు పోకడే అది. అమ్మను చూసుకోవడం అనే అర్థమిచ్చే ఇంగ్లీషు ‘లుక్ ఆఫ్టర్’ కూడా చూపు నుంచే పుట్టింది. ఈ మూడు భాషల్లో ఒకటిని నేర్చినవాడికి మిగతా రెండూ పరాయివి కావు.

మరి తడబాటు ఎక్కడ మొదలైంది? ఈ ప్రాంత చరిత్రలోనే కొంత జవాబు ఉంది.  చాదర్‌ఘాట్ పక్కనే కోఠిలో, 19వ శతాబ్ది తొలి ఏళ్ళలో బ్రిటిష్ ప్రతినిధి కర్క్‌పాట్రిక్ హయాంలో కట్టిన బ్రిటిష్ రెసిడెన్సీ ఉంది. మన దగ్గరికి ఇంగ్లీషు వంటింటి దారిన రాలేదు. దస్త్రాల్లో, అర్జీల్లో, చట్టాల్లో వచ్చింది. ఆ దస్త్రాల భాషకు లాటిన్ నుంచి దిగిన ఒంటరి పదాలే ఇష్టం. అందుకే మనకు ‘పోస్ట్‌పోన్’ తెలిసినంతగా ‘పుట్ ఆఫ్’ తెలియదు, ‘టాలరేట్’ తెలిసినంతగా ‘పుట్ అప్ విత్’ తెలియదు. అమెరికా వెళ్ళిన మన విద్యార్థి ప్రొఫెసర్ పాఠాన్ని అందుకుంటాడు గానీ, పాలు ‘రన్ అవుట్’ అయ్యాయని గదిలో తోటివాడు అంటే ఒక్క క్షణం ఆగుతాడు.

బయటినుంచి వచ్చిన ఈ జంటలను జనం తెలుగు పద్ధతిలోనే మలుచుకున్నారు. ‘లైట్ ఆఫ్ చేయి’ అన్నప్పుడు స్విచ్ అనే క్రియ పోయి చిన్నమాట మిగిలింది. ‘ఇంటి దగ్గర డ్రాప్ చేయి’ అన్నప్పుడు చిన్నమాట పోయి క్రియ మిగిలింది. పికప్‌లో రెండూ కలిసి నామవాచకంలా గట్టిపడి, ‘చేయి’ తోడు తెచ్చుకున్నాయి. ఇది భాషకున్న జీర్ణశక్తి. దీన్ని సంకరమని ఈసడించడం తగదు. అయితే ఇంగ్లీషు రాసేటప్పుడు ఆ భాష మర్యాద ఆ భాషకు ఇవ్వాలి. ‘గురించి చర్చించాం’ అనే తెలుగు అలవాటు మీద ‘డిస్కస్ అబౌట్’ అని రాస్తాం, అక్కర్లేని చోట అప్ చేర్చి ‘కోప్ అప్ విత్’ అంటాం. ఏది ఎవరి పద్ధతో చెప్పే గురువు ఉంటే ఈ పొరపాట్లు నిలవవు.

ఆదివారం ఆబిడ్స్ కాలిబాట మీద, కోఠి పుస్తకాల దుకాణాల్లో దొరికే గైడ్లు వందల జంటలను అకారాది క్రమంలో పేర్చి బట్టీ పట్టమంటాయి. దానికి బదులు ఇలా చెప్పి చూడండి. అప్ చాలాచోట్ల పని పూర్తికావడాన్ని చెబుతుంది: ‘ఈట్ అప్’ తినేయి, ‘డ్రింక్ అప్’ తాగేయి, ‘యూజ్ అప్’ వాడేయి. ‘అవే’ అన్న చిన్నమాట చాలాచోట్ల మన ‘పోవు’: ‘రన్ అవే’ పారిపోవు, ‘ఫేడ్ అవే’ వెలిసిపోవు, ‘పాస్ అవే’ చనిపోవు. ఆన్ మన ‘తూ పో’: ‘రీడ్ ఆన్’ చదువుతూ పో. ‘బ్రింగ్ అప్’ లాంటివి ఈ లెక్కకు లొంగవు, వాటిని విడిగా నేర్వాల్సిందే. లొంగేవాటినైనా లొంగదీసుకుంటే పిల్లవాడికి భయం పోతుంది, తన తెలుగు మీద నమ్మకం కుదురుతుంది.

ఈ పనికి పునాది ఇక్కడే ఉంది. తెలుగు క్రియాధాతువులపై భద్రిరాజు కృష్ణమూర్తి గ్రంథం 1961లో వచ్చింది. ఆయన ఉస్మానియాలో భాషాశాస్త్ర ఆచార్యులుగా పనిచేశారు. ఇంగ్లీషు బోధన కోసమే 1958లో నెలకొల్పిన కేంద్ర సంస్థ నేడు ఇఫ్లూ పేరుతో ఈ నగరంలోనే ఉంది. సుల్తాన్‌బజార్‌లో 1901 నాటి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, తిలక్ రోడ్డులో 1943 నాటి సారస్వత పరిషత్తు కోఠికి కూతవేటు దూరంలో ఉన్నాయి. 2022-23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మాధ్యమం విస్తరించి, ఒక పేజీలో ఇంగ్లీషు, పక్క పేజీలో తెలుగు ఉన్న పాఠ్యపుస్తకాలు పిల్లల చేతికి వచ్చాయి. ఆ రెండు పేజీల మధ్య దారి వేసేవారు మాత్రం తక్కువ.

ఈ సంస్థలు కలిసి కూర్చుని, తెలుగు క్రియల మీదుగా ఇంగ్లీషు పదబంధ క్రియలను వివరించే చిన్న నిఘంటువును బడిపిల్లల కోసం తయారు చేయాలని కోరుతున్నాం. అది చేతికందేలోగా ఇంగ్లీషు ఉపాధ్యాయులకు ఒక మనవి: రేపటి తరగతిలో ఒక్క జంటను తీసుకోండి, దానికి సరిపోయే తెలుగు జంటను పిల్లలనే చెప్పమనండి. తెలుగు మాట్లాడితే ఇంగ్లీషు రాదన్న భయాన్ని తరగతి గదినుంచి సాగనంపండి.