స్పానర్ పట్టే ముందు చెవి పెట్టండి

మదీనాగూడ, మియాపూర్ హాస్టళ్లలో ఉంటూ ఉద్యోగాలు వెతుక్కుంటున్న మెకానికల్ మిత్రులారా! జావా నేర్చుకోవాలా, పైథాన్ నేర్చుకోవాలా అన్న చర్చ మీ గదిలో రోజూ జరిగేదే. నేర్చుకోండి, తప్పేమీ లేదు. అయితే నాలుగేళ్లు చదివిన మెషీన్ డిజైన్‌ను అటకెక్కించే ముందు ఒక్కసారి ఒక కారు దగ్గరకు రండి.

సొంత కారును ఫీజు కట్టి రేస్ ట్రాక్ మీద నడుపుకునే రోజును ట్రాక్ డే అంటారు. ఇందులో పోటీ ఉండదు, సరదాయే. మన దేశంలో చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో, కోయంబత్తూరు కారి స్పీడ్‌వేలో, గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌లో ఇందుకు తగిన ట్రాక్‌లు ఉన్నాయి. అలా చెన్నై వెళ్లి తిరిగొచ్చిన ఒక కారు మదీనాగూడలో మెకానిక్ షెడ్డుకు వచ్చిందనుకోండి. ఓనరు చెప్పేది ఒకటే: ‘మూడు నుంచి రెండో గేరుకు వేస్తుంటే గరగరమంటోంది.’

మీరేం చేస్తారు? ‘సింక్రో పోయింది, గేర్‌బాక్స్ దించాలి’ అంటే మీరు పుస్తకం చదివారని అర్థం. ‘వేడెక్కాక వస్తోందా, మొదటినుంచీ వస్తోందా? ఒక్క గేరులోనా, అన్నింట్లోనా?’ అని అడిగితే మీకు పని తెలుసని అర్థం. జీతం ఇచ్చేవాళ్లు వెతికేది ఈ రెండో మనిషి కోసమే.

ఎందుకో చూద్దాం. అన్ని గేర్లూ గట్టిగా పడుతుంటే ముందు క్లచ్‌ను అనుమానించాలి. ఇంజిన్ ఐడిల్‌లో ఉంచి, క్లచ్ పూర్తిగా తొక్కి, కొన్ని సెకన్లు ఆగి రివర్స్ వేయండి. చాలా మాన్యువల్ కార్లలో రివర్స్‌కు సింక్రో ఉండదు. అప్పుడూ గరగరమంటే క్లచ్ పూర్తిగా విడవడం లేదన్నమాట. హైడ్రాలిక్ లైనులో గాలి చేరిందా, సిలిండర్ కారుతోందా చూడాలి. అదే కారణమైతే గేర్‌బాక్స్ ముట్టుకునే పనే లేదు.

గొడవ రెండో గేరుతోనే అయితే డబుల్ క్లచ్ చేయండి. న్యూట్రల్‌లోకి తెచ్చి, క్లచ్ వదిలి, ఇంజిన్ వేగం కొంచెం పెంచి, మళ్లీ క్లచ్ తొక్కి రెండు వేయాలి. మెత్తగా పడితే సింక్రో రింగు అరిగిందని బలమైన ఆధారం దొరికినట్టే. రెండు వేగాలను కలిపే పని ఆ రింగుది. ఇప్పుడా పని మీ కాలు చేసిపెట్టింది కాబట్టే గేరు పడింది.

చెవి చెప్పేదీ వినండి. బండి ఆగి ఉండగా, న్యూట్రల్‌లో క్లచ్ వదిలినప్పుడు ఊళ వినిపించి, తొక్కగానే ఆగిపోతే ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగును అనుమానించాలి. తొక్కినప్పుడే మొదలైతే రిలీజ్ బేరింగు కావచ్చు. గట్టిగా యాక్సిలరేటర్ నొక్కితే గేరు జారిపోతుంటే ముందు ఇంజిన్ మౌంట్లు, గేరు కేబుళ్లు, బుష్‌లు చూడండి. ఆ తర్వాతే లోపలి స్లీవ్ సంగతి.

చివరగా ఆయిల్. లెవెల్ తక్కువైతే ట్రాక్ మీద పొడవాటి మలుపుల్లో కొన్ని భాగాలకు ఆయిల్ అందదు. దింపిన ఆయిల్‌లో పసుపు రంగు సన్నటి పొడి మెరిస్తే అది ఇత్తడి, అంటే సింక్రో రింగులది. అయస్కాంతానికి ఉక్కు పెళుసులు అంటుకుంటే పళ్లో, బేరింగో విరుగుతున్నట్టు. ఇక విప్పక తప్పదు. గ్రేడు కూడా చూడండి. జీఎల్-4 అడిగిన బాక్సులో కొన్ని రకాల జీఎల్-5 ఆయిళ్లు పోస్తే ఇత్తడి భాగాలు దెబ్బతింటాయి.

ఇవన్నీ అయ్యాకే గేర్‌బాక్స్ దించాలి. రింగుకూ గేరుకూ మధ్య సందును ఫీలర్ గేజ్‌తో కొలిచి, మాన్యువల్‌లోని హద్దుతో పోల్చాలి. రింగు ఒక్కటే మార్చి, అరిగిన స్లీవ్‌ను అలాగే వదిలేస్తే కారు మళ్లీ మీ దగ్గరికే వస్తుంది. బిగింపులన్నీ టార్క్ రెంచ్‌తోనే చేయాలి. అసలు అరుగుదల ఎందుకొచ్చిందో ఓనరుకు చెప్పాలి. వేగం తగ్గకముందే రెండో గేరులోకి తోసే అలవాటుంటే కొత్త రింగూ ఎక్కువ కాలం ఆగదు.

ఈ క్రమం తప్పితే రోగం ఒకటి, మందు ఇంకొకటి అవుతుంది. గాలి తీస్తే సరిపోయే క్లచ్ కోసం బాక్స్ దించితే కస్టమర్ డబ్బు పోతుంది, మీ పేరూ పోతుంది.

‘ట్రాక్ కార్లు ఎన్నుంటాయి సార్, ఉద్యోగాలెక్కడ?’ అంటారా? నిజమే, ఆ పని కొద్దిమందికే దొరుకుతుంది. కానీ ఈ ఆలోచన అవసరమయ్యే చోట్లు చాలా ఉన్నాయి. మీ హాస్టల్ ముందున్న ముంబై హైవే పట్టుకుని పోతే జహీరాబాద్‌లో మహీంద్రా ట్రాక్టర్ల ఫ్యాక్టరీ వస్తుంది. 1915లో జర్మనీలో గేర్ల తయారీతోనే మొదలైన జెడ్‌ఎఫ్ సంస్థ 2017లో హైదరాబాద్‌లో టెక్నాలజీ సెంటర్ తెరిచింది. ‘ఎలక్ట్రిక్ బండ్లు వస్తే గేర్‌బాక్సే ఉండదు కదా’ అన్న అనుమానమూ వినిపిస్తుంటుంది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున పరుగెత్తిన ఫార్ములా-ఇ కార్లలో మార్చడానికి గేర్లు లేవు గానీ వేగం తగ్గించే గేర్లు, బేరింగులు, ఆయిల్ ఉన్నాయి. అవి ఉన్నంతకాలం చప్పుళ్లూ ఉంటాయి, వాటి కారణం పట్టే మనిషీ కావాలి.

ఇంకా చదువుతున్నవాళ్లు కాలేజీ ఫార్ములా భారత్, సుప్రా జట్లలో చేరండి. ఆ కార్లలో చాలావాటికి బైక్ ఇంజినే ఉంటుంది. బైక్ గేర్‌బాక్స్‌లో సింక్రో లేకుండా గేరు ఎలా పడుతుందో చెప్పగలిగితే ఇంటర్వ్యూలో సగం గెలిచినట్టే. చదువు అయిపోయినవాళ్లు మంచి మేస్త్రీ ఉన్న షెడ్డులో రెండు నెలలు నిలబడండి. చేతులకు గ్రీజు అంటుతుందని మొహమాటపడొద్దు.

రెజ్యూమెలో ‘హార్డ్ వర్కింగ్’ అన్న మాట కొట్టేయండి. మీరు చూసిన ఒక్క లోపం గురించి నాలుగు వాక్యాలు రాయండి: ఏం వినిపించింది, ఏయే పరీక్షలు ఏ వరసలో చేశారు, ఏది కాదని తేల్చారు, చివరికి ఏం దొరికింది. రేపు మీరు కోడ్ రాసే ఉద్యోగానికే వెళ్లినా, బగ్ పట్టుకునేది ఇదే వరసలో.