డిశ్చార్జి కాగితంలో ఒక పేరా: క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత మర్దన

క్యాన్సర్ ఆపరేషన్ అయిన మనిషిని రెండు బాధలు పట్టుకుంటాయి: కుట్ల నొప్పి, గడ్డ మళ్లీ వస్తుందేమోనన్న భయం. భయంతో నిద్ర పట్టదు, ఒళ్లు బిగుసుకుపోతుంది, నొప్పి ఇంకా ఎక్కువగా తెలుస్తుంది. ఈ బిగువును కాసేపైనా సడలించేది మెత్తని మర్దన. అది క్యాన్సర్‌ను తగ్గించదు, నొప్పి మందుకు బదులు కాదు. మందుకు తోడు మాత్రమే.

పరీక్షల్లో తేలింది

అమెరికాలో పెద్ద ఆపరేషన్లు అయిన 605 మంది మాజీ సైనికులపై జరిగిన అధ్యయనం 2007లో వెలువడింది. సాయంత్రం పూట 20 నిమిషాలు వీపు మర్దన చేయించుకున్నవారికి మొదటి నాలుగు రోజుల్లో నొప్పి త్వరగా తగ్గింది. మర్దన అయిన వెంటనే ఆందోళన కూడా తగ్గింది. ఆసుపత్రిలో ఉండే రోజులు మాత్రం తగ్గలేదు. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ ఆసుపత్రి 1,290 మంది క్యాన్సర్ రోగుల లెక్కలు 2004లో ప్రచురించింది. మర్దన తర్వాత నొప్పి, ఆందోళన, అలసట సుమారు సగానికి తగ్గినట్టు తేలింది. మర్దన లేని రోగులతో పోల్చి చూడకపోవడం అందులోని లోపం.

రామనగుడలో ఉన్నది, లేనిది

ఒడిశాలోని రామనగుడ బ్లాకు 1992 దాకా కొరాపుట్ జిల్లాలోది, ఇప్పుడు రాయగడ జిల్లాలోది. క్యాన్సర్ ఆపరేషన్ కోసం ఇక్కడి రోగి బరంపురమో కటకో వెళ్లాలి. లేదా రాయగడలో రైలెక్కి, పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం దాటి విశాఖపట్నం చేరాలి. వార్డులో గడిచేవి కొద్ది రోజులే. కోలుకోవడమంతా ఇంట్లోనే.

ఇంట్లో పనితనం తెలిసిన చేతులున్నాయి. బాలింతకు ఒళ్లు పట్టేవారు, కాళ్లు చాపుకుని పసిబిడ్డకు నూనె రాసే అమ్మమ్మలు ప్రతి వీధిలో కనిపిస్తారు. లేనిదల్లా ఎక్కడ తాకవచ్చో, ఎక్కడ తాకకూడదో చెప్పే మాట. ఆ మాట లేక రెండు తప్పులు జరుగుతాయి. గడ్డ పాకుతుందని జడిసి కొందరు రోగిని తాకనే తాకరు. మెత్తని మర్దనతో క్యాన్సర్ పాకుతుందనడానికి ఆధారం లేదు. మరికొందరు వాచిన పిక్కను గట్టిగా పిసుకుతారు. ఇది ప్రమాదం: లోపల రక్తం గడ్డకట్టి ఉంటే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరవచ్చు.

ఎలా చేయాలి

రోగి అరచేతిని తువ్వాలు మీద ఉంచి, చెంచాడు గోరువెచ్చని కొబ్బరినూనె రాసి, మణికట్టు నుంచి వేళ్ల కొసల దాకా నెమ్మదిగా నిమరాలి. తర్వాత రెండో చేయి, పాదాలు. మొత్తం పావుగంట చాలు. చపాతీ పిండి పిసికే ఒత్తిడి వద్దు, పసిబిడ్డకు నూనె రాసే ఒత్తిడి చాలు. రోగి వద్దంటే ఆపాలి.

కుట్లు, గడ్డ ఉన్న చోటు, రేడియేషన్ తగిలిన చర్మం, సెలైన్ సూది ఉన్న చేయి ముట్టకూడదు. ఒక కాలు వాచి, ఎర్రబడి, వేడిగా ఉంటే మర్దన మానేసి డాక్టరుకు చూపించాలి. జ్వరం వచ్చినా, ప్లేట్‌లెట్లు తగ్గినా, క్యాన్సర్ ఎముకలకు పాకినా డాక్టరును అడగనిదే చేయకూడదు. చంకలో గ్రంథులు తీసేసిన వైపు చేతిని ఫిజియోథెరపిస్టు చూపిన పద్ధతిలోనే నిమరాలి.

చేయవలసినవి

1. ఆపరేషన్ చేసిన ఆసుపత్రి డిశ్చార్జి కాగితంలో మర్దన గురించి ఒక పేరా రాయాలి: ఈ రోగికి చేయవచ్చా, ఎక్కడ చేయాలి, ఎక్కడ కూడదు, ఎప్పటి నుంచి.

2. ఇంటికి పంపే ముందు నర్సు గానీ ఫిజియోథెరపిస్టు గానీ తోడు వచ్చినవారికి చేసి చూపాలి, తమ ఎదుట ఒకసారి చేయించాలి.

3. రామనగుడ బ్లాకులోని ఆరోగ్య కేంద్రం సిబ్బందికి, ఆశా కార్యకర్తలకు ఒక పూట శిక్షణ ఇవ్వాలి. ఉపశమన చికిత్సకు 2012 నుంచి జాతీయ కార్యక్రమం ఉంది. ఈ శిక్షణను అందులో కలపవచ్చు.

4. సూచనలు తెలుగులో, ఒడియాలో అచ్చు వేయాలి. సవర, కువి మాట్లాడే ఇళ్లకు, చదువురాని వారికి బొమ్మల కాగితం ఇవ్వాలి: తాకదగిన చోటు పచ్చరంగులో, తాకకూడనిది ఎరుపులో.