నవ్వించే రెండవ భాగాలు

హాస్యచిత్రానికి రెండవ భాగం తీయటం వ్యాపారమే కాని కళ కాదని మన పండితులలో ఒక అభిప్రాయం స్థిరపడి ఉన్నది. మొదటిది ధనం తెచ్చినది గనుకనే రెండవది పుట్టినదనటం అబద్ధం కాదు. కాని అంతటితో విచారణ ముగించటం న్యాయం కాదు. ఒకే హాస్యపాత్రను కథ వెంట కథలోకి నడిపించటం తెలుగువారికి క్రొత్త విద్యా? తోలుబొమ్మలాటలో రాముని కథ ఆడినా, పాండవుల కథ ఆడినా జుట్టుపోలిగాడు, బంగారక్క రాక మానరు. కథ మారుతుంది, వారు మారరు. నిద్ర ఆపుకొని కూర్చున్న పిల్లలు ఎదురుచూచేది వారికోసమే.

బుర్రకథలో ఈ ఏర్పాటు మరింత స్పష్టం. నడుమ కథకుడు నిలిచి కథ నడుపుతాడు. ఒక వంత హాస్యం పలుకుతాడు. రెండవ వంత లోకరీతిని, రాజకీయాన్ని ఎత్తిపొడుస్తాడు. షేక్ నాజర్ వంటి మహాకళాకారుడు ఈ ప్రక్రియతో పల్లెపల్లెనూ మేల్కొలిపినాడు. నవ్వు, నీతి వేర్వేరు నోళ్ళ వెలువడినా తాళం మాత్రం ఒక్కటే.

1973లో న్యూయార్కు నగరపు బ్రాంక్స్ పేటలో, నల్లజాతి యువకుల విందులలో పుట్టిన హిప్-హాప్ కూడ తాళానికి మాట కట్టే విద్యయే. ఆ గాయకులు నటించిన ‘హౌస్ పార్టీ’ 1990లో వచ్చినది. మరుసటి ఏడు దాని రెండవ భాగం వచ్చినది. అందులో కథానాయకుని కళాశాల చదువుకై చర్చివారు చందాలు వేసి ధనం సమకూర్చుతారు. అది మోసగాళ్ళ పాలవుతుంది. ఆ రుసుము తిరిగి సంపాదించటానికి మిత్రులు రాత్రి దుస్తులతో ఒక విందు ఏర్పాటు చేస్తారు. కథ అల్లరిదే. అయినా చదువు విలువను ఎవ్వరూ ఉపన్యసించరు. పోయిన డబ్బే ఆ మాట చెపుతుంది. షికాగోలోని ఒక క్షౌరశాలను ఆశ్రయించిన ‘బార్బర్ షాప్’ వరుసలో 2016నాటి చిత్రం వీధిముఠాల హింసను ఎత్తుకొన్నది. అక్కడనూ నవ్వు ఆగలేదు.

మన భాషలో దీనికి సన్నిహితమైనది 2007లో నృత్యదర్శకుడు ప్రభుదేవా దర్శకత్వం వహించిన ‘శంకర్ దాదా జిందాబాద్’. 2004నాటి ‘శంకర్ దాదా ఎం.బి.బి.ఎస్.’కు ఇది తరువాయి. 2006లో వచ్చిన హిందీ చిత్రం ‘లగే రహో మున్నాభాయ్’ దీనికి మూలం. గాంధీని గూర్చి తెలిసినట్లు నటించవలసి వచ్చిన ఒక రౌడీ, గ్రంథాలయంలో కూర్చొని చదవగా చదవగా గాంధీ అతనికి కనిపిస్తాడు. హిందీ మూలంలో ఒక చమత్కారమున్నది: ఆ గాంధీ, కథానాయకునికి తెలియని ప్రశ్నకు జవాబు చెప్పలేడు. ఉపాధ్యాయులు ఈ ఘట్టాన్ని ప్రత్యేకంగా గమనించవలెను. చదివినంత మేరకే మహాత్ముడు పలుకుతాడన్న మాట! ఇక్కడ హాస్యమే సందేశం. రెండింటికీ నడుమ అతుకు కనబడదు. నవ్వు కూడ దుర్బలునిపై పడదు, నాయకుని అజ్ఞానంపై పడుతుంది.

2022లో వచ్చిన ‘ఎఫ్ 3’లో ఈ వివేకం లోపించినది. 2019నాటి ‘ఎఫ్ 2’కు తరువాతి దైన ఈ చిత్రంలో ఒక నాయకునికి రేచీకటి, మరొకరికి నత్తి. జనం విరగబడి నవ్వినారు, నటులు సమర్థులే. కాని నత్తిగల బాలుడు తరగతిలో పాఠం అప్పజెప్పుటకు లేచినప్పుడు, ఆ నవ్వు వెండితెర దిగి బల్లల నడుమకు వస్తుంది. విటమిన్ ‘ఎ’ లోపించిన బిడ్డకు సంధ్యవేళ దారి కానరాకపోవటం వైద్యం చేయవలసిన సంగతి. చివర ఎన్ని మంచిమాటలు అతికించినా ఈ గాయం మానదు.

నందిగామలోనైనా, జగ్గయ్యపేటలోనైనా పాఠశాల వార్షికోత్సవమంటే సినీ నృత్యాలు, సినిమాలను అనుకరించే ప్రహసనాలు తప్పవు. వాటిని నిషేధిస్తే పిల్లలు ఇంటివద్ద, ఫోనులో అవే చూస్తారు, ఫలితం శూన్యం. అందుకు మారుగా అభ్యాస సమయంలో ఉపాధ్యాయుడు ప్రక్కన కూర్చొని, ‘ఈ మాటకు నవ్వబడేది ఎవడురా?’ అని ఒక్క ప్రశ్న వేయవచ్చును. జవాబు ఆ వరుసలోనే కూర్చున్న సహాధ్యాయి అయితే, ఆ సంభాషణను పిల్లల చేతనే తిరిగి వ్రాయించవచ్చును. బుర్రకథ వంతలను పరిచయం చేయటానికి అంతకంటె మంచి సమయం తెలుగు పంతులుకు దొరకదు.