రీబిల్ట్ లెక్సస్‌ని దాచి అమ్మొచ్చా?

"అన్నా, జాబ్ పోయింది. హెచ్‌1బీ వాళ్లకిచ్చే 60 రోజుల గడువులో 20 అయిపోయాయి. లెక్సస్ ఈఎస్ అమ్మేయాలి. టైటిల్ మీద ‘రీబిల్ట్’ అని ఉంది. చెబితే పారిపోతున్నారు. చెప్పకుండా అమ్మేస్తే?"

డల్లాస్ నుంచి ఒక తమ్ముడి మెసేజ్ ఇది.

దాగదు తమ్ముడూ. విన్ నంబర్ కొడితే కార్‌ఫాక్స్‌లో బండి జాతకం చాలావరకు బయటపడుతుంది. పైగా నీ యాడ్ చూసేది వాట్సాప్ గ్రూపులో ఇంకో తెలుగు స్టూడెంటే. వాడి మొదటి కారు అదే కావొచ్చు.

తెలియనివాళ్ల కోసం: యాక్సిడెంట్‌లోనో వరదలోనో దెబ్బతిన్న కారుకి రిపేరు దండగని ఇన్సూరెన్స్ కంపెనీ తేల్చేస్తే అది ‘సాల్వేజ్’. ఎవరో కొని బాగుచేసి మళ్లీ రోడ్డెక్కిస్తే ‘రీబిల్ట్’. చౌకగా వస్తోందని మనవాళ్లు ఎగబడతారు. అమ్మేటప్పుడూ అదే చౌక అని అప్పుడు గుర్తురాదు.

మామూలుగా 20 నుంచి 40 శాతం తగ్గుతుంది. క్లీన్ టైటిల్‌కి 20,000 డాలర్లు పలికే కారైతే 12 నుంచి 16 వేలు అనుకో. లోన్ ఇవ్వడానికి చాలా బ్యాంకులు వెనకాడతాయి, ఫుల్ ఇన్సూరెన్స్ దొరకడం కష్టం. అంటే నీకు కావాల్సింది క్యాష్ పెట్టి కొనేవాడు. అతను కారు కంటే ముందు రుజువులు చూస్తాడు. రిపేరుకు ముందు తీసిన ఫొటోలు, పార్టుల బిల్లులు, ముఖ్యంగా ఎయిర్‌బ్యాగ్ మార్చిన బిల్లు. లేవా? నీకు అమ్మినవాడికి ఇవాళే ఫోన్ చెయ్. దొరక్కపోతే సంబంధం లేని మెకానిక్‌తో ఫ్రేమ్ చెక్ చేయించి రిపోర్ట్ తీసుకో. యాడ్ మొదటి లైన్లోనే ‘రీబిల్ట్’ అని పెట్టు. పారిపోయేవాళ్లు ముందే పోతారు, నీ 40 రోజులు మిగులుతాయి.

ఒక డీలర్ దగ్గర రేటు కూడా అడిగి ఉంచుకో. తక్కువే చెబుతాడు, కానీ చివరి వారంలో అదే దిక్కు కావొచ్చు.

డబ్బు కొనేవాడి బ్యాంకులోనే తీసుకో. ఇద్దరూ కలిసి కౌంటీ ట్యాక్స్ ఆఫీసుకెళ్లి పేరు మార్పించండి. నంబర్ ప్లేట్లు విప్పేసుకో. అమ్మిన 30 రోజుల్లోపు టెక్సస్ డీఎంవీకి ట్రాన్స్‌ఫర్ నోటిఫికేషన్ పంపాలి, నువ్వు అదే రోజు పంపెయ్. లేకపోతే హైదరాబాద్‌లో దిగాక కూడా ఎవరో చేసిన పార్కింగ్ ఫైన్లు నీ పేరునే వస్తాయి.

అన్నట్టు, అద్దం మీద టోల్ ట్యాగ్ పీకెయ్. చాలామంది మర్చిపోయేది అదే.