కామాటిపుర మన కూలోళ్ల పేరు

బొంబాయి కామాటిపుర అనగానే కన్నుగొట్టి నవ్వేటోళ్లను మేం బస్సుల్లో చూశాం, ఆఖరికి స్టాఫ్ రూముల్లోనూ చూశాం. అన్నలారా, అక్కలారా! కామాటి అంటే ఎవరు? కూలిపని చేసేటోడు. నైజాం ఇలాకా నుంచి, మన తెలంగాణ పల్లెల నుంచి పొట్ట చేతబట్టుకొని పోయి రాళ్లు మోసి, మట్టి తవ్వి ఆ నగరాన్ని కట్టినోడు. 1784 ప్రాంతంలో వర్లీ దగ్గర సముద్రపు గండికి కట్ట పడ్డాకనే ఆ పల్లపు నేల ఇండ్లకు పనికొచ్చింది. మనోళ్లకు దక్కింది ఆ బురదే. ఊళ్లో వాడకు ఏ దిక్కున జాగా ఇస్తారో ఎరిగిన మనకు ఇది కొత్త గాదు.

మరి అక్కడ వ్యభిచార గృహాలు ఎట్ల వచ్చాయి? సోల్జర్ల కోసం, ఓడల మనుషుల కోసం ఇంగ్లీషు దొరల పాలన వాటికి చోటిచ్చింది. మచ్చ మాత్రం కూలోళ్ల పేరుకంటింది. ఆ గల్లీల ఆడోళ్లను మేం ఒక్కమాట అనం. వాళ్లలో ఎందరో మనలాంటి ఇండ్ల బిడ్డలే. 2022లో సినిమా వచ్చినప్పుడు బస్తీ పేరు చెడుతోందని అక్కడోళ్లు అడ్డం తిరిగారు. సినిమా ఆగలేదు.

ఇప్పుడు పాత చాళ్లు కూలగొట్టి పెద్ద బిల్డింగులు కట్టే పథకం నడుస్తోంది. కట్టుకోండి. కిరాయికున్న ప్రతి కుటుంబానికీ అక్కడే ఇల్లియ్యాలె, కామాటి పేరు తీసెయ్యొద్దు.