మెడల తాడు ఊడాలె, అలారం మోగాలె

సైట్ల లాన్యార్డ్ అంటే మనకు ముందు గుర్తొచ్చేది హార్నెస్ తాడు. అది తెగితే మనిషి పోతడు. పైకెక్కే ప్రతి తమ్మునికి తాడు గట్టిగున్నదా, హుక్కు పడ్డదా అని రోజూ అడుగుతం. ఆ అలవాటుతోటి మనం ఏ తాడు దొరికినా గట్టిగనే కడ్తం. మెడల వేసుకునే తాడుకు మాత్రం లెక్క ఉల్టా. అది ఊడకపోతేనే ముప్పు.

ఇప్పుడు ఈ ముచ్చట ఎందుకంటే, 2025 జూలై 19న డబ్లిన్ పక్కన టాలాలో మన దేశం మనిషిని గుంపుగా కొట్టి బట్టలు ఊడదీసిన సంగతి మీకు తెలుసు. ఆగస్టు 1న డబ్లిన్‌లోని మన ఎంబసీ, వేళగాని వేళల జనం లేని చోట్లకు పోవద్దని హెచ్చరిక ఇచ్చింది. మంచిదే. కానీ ఎన్నిస్‌లో డిసెంబరు నెల సాయంత్రం నాలుగున్నరకే చీకటి. హోటల్ కిచెన్‌లనో, నర్సింగ్ హోంలనో డ్యూటీ దిగి, ఫెర్గస్ నది పక్క నుంచి రూముకు నడిచిపోయే చెల్లె ఏ వేళకు బయటికి రావాలె? అందుకే చానా మంది జేబులో ఏదో ఒకటి పెట్టుకుంటున్నరు.

ఆ ఏదో ఒకటి పెప్పర్ స్ప్రే కావద్దు. దిశ ఘటన తర్వాత 2019 డిసెంబరులో హైదరాబాద్ మెట్రోలో ఆడవాళ్లు దాన్ని వెంట తెచ్చుకోవచ్చని చెప్పిన్రు. ఆ ధైర్యంతోనే ఇంట్లోవాళ్లు సూట్‌కేసులో పెట్టి పంపుతరు. ఇక్కడ అది ఫైర్‌ఆర్మ్స్ చట్టం కిందికి వస్తది, తుపాకి లెక్కనే. కొట్టినోడు పారిపోతడు, పర్మిట్ మీద బతికే మనమీద కేసు పడ్తది. కట్టర్, స్టాన్లీ బ్లేడు కూడా అంతే. పనికోసం వెంట ఉంటే 1990 చట్టం ఒప్పుకుంటది. ఆదివారం రాత్రి ఓ'కానెల్ స్ట్రీట్ల మీ జేబుల దొరికితే ఏ పనికని చెప్తరు? పని అయినంక టూల్‌బాక్సుల పెట్టి తాళం వెయ్యండి.

మిగిలింది పిన్ను గుంజితే మోగే చిన్న అలారం. చట్టం అడ్డం రాదు, ఎవరికీ గాయం కాదు. 120 డెసిబెల్స్ పైనే అని డబ్బా మీద రాస్తరు. చెవి దగ్గర పెట్టి చూడకండి. దీన్ని బ్యాగు అడుగున పెడితే అవసరానికి చేతికి రాదు, మెడలనే ఉండాలె. తాడు సంగతి ఇక్కడ మొదలైతది.

మన ఊర్లల్ల బండి మీద వచ్చి పుస్తెలతాడు గుంజినప్పుడు ఏమైతది? సన్న గొలుసైతే తెగి పోతది. తాడు తెగకపోతే మనిషి బండి ఎంబడి రోడ్డు మీద ఈడ్చుకపోతది. బంగారం పోతే పోయింది, మెడ ఉండాలె. అందుకే గోడ లైను పట్టే నైలాన్ దారంతోని అలారం కట్టుకున్నోళ్లను చూస్తే నాకు భయమైతది.

గుంజితే ఊడే ప్లాస్టిక్ క్లిప్పున్న తాడు కొనండి. మెడ వెనుక ఒక్క క్లిప్పే ఉంటే చాలదు. వెనుకనుంచి వచ్చినోడు సరిగ్గ ఆ క్లిప్పునే పిడికిట్ల పడితే అది ఊడదు. వెనుక ఒకటి, రెండు పక్కల రెండు ఉన్నయి దొరుకుతయి, అవి తీసుకోండి. కొన్నంక తలుపు పిడికి మెడకు వేసినట్టే వేసి, కింద ఐదు లీటర్ల నీళ్ల క్యాన్ తగిలించండి. ఊడాలె. ఊడకపోతే అది నా లెక్కల పనికిరాదు. మాటిమాటికి ఊడుతున్నదని క్లిప్పుకు టేపు చుట్టేటోళ్లు ఉన్నరు, వాళ్లకు దండం.

ఇంకొక చిక్కున్నది. క్లిప్పు ఊడి అలారం వాని చేతికి పోతే, పిన్ను ఇంకా దాంట్లనే ఉంటది, మోగదు. అందుకే నేను చెప్పేది ఇట్ల: అలారం మెడ తాడుకు, పిన్ను మాత్రం జానెడు దారంతోని జాకెట్ జిప్పుకో, ప్యాంటు బెల్టు లూపుకో కట్టండి. ఆ దారం మెడకు చుట్టుకునేంత పొడుగు ఉండొద్దు. వాడు అలారం గుంజితే పిన్ను మన దగ్గరనే ఆగుతది, ఎంబడే మోగుతది, తర్వాత క్లిప్పు ఊడుతది. అలారం వాడు ఎత్తుకపోయినా వాని చేతులనే మోగుతది. క్లిప్పు ముందు ఊడి పిన్ను కదలకపోతే దారం ఇంకా చిన్నగ చెయ్యండి. ఇంట్లనే రెండుసార్లు గుంజి చూసుకోండి, పక్కరూమోళ్లకు ముందే చెప్పి.

మోగినంక అక్కడ నిలబడకండి. దీపాలు, దుకాణం, మనుషులున్న దిక్కు ఉరికి 999కో 112కో ఫోన్ చెయ్యండి.

సైట్ల మాత్రం ఏ మెడతాడూ వద్దు, క్లిప్పున్నా వద్దు. డ్రిల్లు, గ్రైండరు, మిక్సరు తిరిగే కాడ అది చిక్కుకుంటే క్లిప్పు ఊడేలోపే మనిషిని గుంజుతది. ఐడీ కార్డు కూడా జేబులనే పెట్టుకోండి. కంపెనీ పేరు అచ్చేసి ఫ్రీగ ఇచ్చే తాళ్లల్ల చానా వాటికి క్లిప్పే ఉండదు. మీ ఫోర్‌మన్‌ను అడగండి, సిగ్గుపడకండి.

మన గ్రూపు పెద్దలకు ఒక మాట. బతుకమ్మకు, ఉగాదికి టీషర్టులు కుట్టిస్తున్నం కదా. ఈసారి ఆ పైసలతోని నైట్ డ్యూటీ చేసే ఆడపిల్లలకు తలా ఒక అలారం, మూడు క్లిప్పుల తాడు ఇప్పిద్దం. పిన్ను దారాలు కట్టే పని నాది.