పెన్నేటి ఊట

సాహిత్యాభిరుచి ఎలా కలిగిందని అడిగితే పెద్దలు ప్రబంధాల పేర్లు చెబుతారు. నాకు కలిగింది పరీక్షకు రాని పుస్తకం వల్ల.

అది 1965. ఆ ఏడు దేశమంతటా వానలు ముఖం చాటేశాయి. ఇక అనంతపురం సంగతి చెప్పాలా? మంచి ఏట కూడా 55 సెంటీమీటర్లు పడితే పండగ చేసుకునే సీమ మాది. మా వాచకంలో మాత్రం ఏ పుట తిప్పినా పచ్చని పైర్లు, పారే ఏళ్లు, కొలనులో కలువలు! కలువ ఎలా ఉంటుందో మాలో చాలామందిమి ఎరగం. బట్టీ పట్టేవాళ్లం, మార్కులు తెచ్చుకునేవాళ్లం, అంతే.

ఒకనాడు మా తెలుగు అయ్యవారు వాచకం మూసి, సంచిలోంచి వేరే పుస్తకం తీశారు. విద్వాన్ విశ్వంగారి ‘పెన్నేటి పాట’. 1956లో వెలువడిన కావ్యం. ఆంధ్రప్రభ వారపత్రికకు సంపాదకత్వం వహించిన విశ్వంగారిది మా జిల్లాలోని తరిమెలే. అయ్యవారిది నశ్యం గొంతు, ఏమంత శ్రావ్యమైనది కాదు. అయినా వింటూంటే ఒళ్లు జలదరించింది. పుస్తకంలో పెన్న ఉంది, అందులో నీళ్లు లేవు! రెక్కాడితేగాని డొక్కాడని రంగడూ గంగమ్మా ఉన్నారు. మా బోటివాళ్లు కూడా కావ్యంలోకి ఎక్కుతారని అంతవరకు మాకు తెలియదు.

ఆకలి మాట రాగానే తలలన్నీ వెనక బెంచీ వైపు తిరిగాయి. అక్కడి పిల్లవాడి అమ్మానాన్నలు కూలికోసం బెంగుళూరు వెళ్లారు. వాడు అవ్వ దగ్గర ఉండేవాడు. మేము సద్ది విప్పే వేళకు నీళ్లతొట్టి వైపు నడిచేవాడు. ఎవడో కిసుక్కున నవ్వాడు. వాడు తల వంచుకున్నాడు.

అయ్యవారు కోప్పడలేదు. పుస్తకంలో వేలు ఉంచుకొని, “ఒరే అబ్బీ, ఏట్లో ఎంత లోతు చెలమ తీస్తే నీళ్లు పడతాయిరా?” అన్నారు.

“ఇప్పుడైతే నడుం లోతు, అయ్యవారూ. ఇసుక రంగు మారినాక చేతుల్తో తోడాల. తొందరపడితే గట్టు ఇరిగి పడుతుంది.”

“వెంటనే తాగొచ్చునా?”

“మొదటి నీళ్లు పారబోయాల. బురదగా ఉంటాయి. రెండో ఊట తాగుతాం.”

అయ్యవారు వెళ్లి పుస్తకం వాడి చేతికిచ్చి, “తక్కినది నువ్వు చదువు” అన్నారు. వాడు మొదట తడబడ్డాడు, పోనుపోను గొంతు నిలిచింది. గంట కొట్టినా ఎవరమూ లేవలేదు.

అప్పటినుంచి ఏ పద్యం చదివినా ఇది ఎవరి ఊరు, ఎవరి గోడు అని వెతకడం నాకు అలవాటయింది. కలువల పద్యాలు కూడా అటుతర్వాతే రుచించాయి, చిత్రం!

ఆ పుస్తకం కోసం మాలో పోటీ పడింది. వాడే ముందు పట్టుకుపోయాడు, అవ్వకు చదివి వినిపిస్తానని. వారం తర్వాత నా వంతు వచ్చేసరికి పుటలన్నీ కిరసనాయిలు వాసన.